నోరు తెరిచిన అట్టపెట్టె

ఒమన్ దేశంలోని సూర్‌లో మేముండే వీధి చివర, సముద్రానికి ఒక వరస వెనకగా, పాతకాలపు ఇల్లొకటి ఉంది. తెల్ల సున్నం, చిన్న కిటికీలు, ఎత్తయిన ప్రహరీ. దాని కింది భాగం అద్దెకు తీసుకుని ఒక తెలుగావిడ పసిపిల్లల బడి నడిపేది. కోనసీమ మనిషి, ఒకప్పుడు నర్సు. పిల్లలు ఆమెను మిస్ అని పిలిచేవారు. నాకూ అదే అలవాటైంది. పిల్లల తల్లుల్లో ఎక్కువమంది ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళే. డ్యూటీకి పోతూ దింపి, డ్యూటీ దిగాక తీసుకుపోయేవారు. దూరంగా ఉన్నవాళ్ళకు వ్యాను వచ్చేది.

పత్రికలో పని మానేసి మావారి ఉద్యోగం వెంట నేనిక్కడికి వచ్చాను. పొద్దుటిపూట తోచక ఆ బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. కత్తెర, జిగురు, రంగు కాగితాలు నా వంతు.

మిస్‌కు ఉన్న పెద్ద దిగులు పిల్లల తిండి. డబ్బా మూత తీస్తే చిప్స్, లేకపోతే క్రీమ్ బిస్కెట్లు. "వీళ్ళకి వంకాయ చూపిస్తే బాల్ అనుకుంటున్నారండీ. చెప్తే వినే వయసు కాదు. ఆడించి తినిపించాలంతే," అనేది. అందుకని ఆడించేవాళ్ళం. బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి కాగితం మీద అద్దితే పువ్వు పడుతుంది. పొద్దునంతా పువ్వులు అద్దిన పిల్ల మధ్యాహ్నం పళ్ళెంలో బెండకాయ కూరను చూసి భయపడదు. రేవులో చెక్క పడవలు అందరూ చూసేవే కాబట్టి కీరదోసకాయను నిలువుగా చీల్చి, గుజ్జు తీసి పడవలు చేసేవాళ్ళం. ఉడికించిన పెసలు అందులో సరుకు. నిలబెట్టిన క్యారెట్ ముక్క తెరచాప కొయ్య. పడవను ముంచాలంటే తినాల్సిందే.

వీటన్నిటికన్నా బాగా పనిచేసింది మాత్రం వ్యాను నడిపే మనిషి నోరు.

ఆయనది జగిత్యాల దిక్కు. కంపెనీలో సైట్ పని మానేసి, ఇక్కడి అర్బాబ్ ఒకాయన దగ్గర వ్యాను డ్రైవరుగా చేరాడు. అర్బాబ్ అంటే యజమాని. పిల్లలకు ఆయన వ్యాన్ మామ. మధ్యాహ్నం అన్నాల వేళకు ముందే వచ్చేసి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి పిల్లల వరసలో చతికిలబడేవాడు. మిస్ ప్రార్థన చేసేది. పిల్లలందరికన్నా గట్టిగా ఆయనే ఆమెన్ అనేవాడు.

"ఏంటయ్యా, మొన్నటిదాకా హనుమంతుడి దండకం చదివేవాడివి," అని మిస్ వేళాకోళం చేస్తే, "ఆమెన్ అంటే బువ్వ పెడ్తరంటే ఎన్నిసార్లయిన అంట మిస్. నా దేవుడు ఏమనుకోడు, ఆయనకు గూడ ఆకలి దెలుసు," అనేవాడు.

పిల్లలకు అన్నం తినిపించేటప్పుడు మనం చెప్పుకునే మాటలే అక్కడా నడిచేవి. ఇది అమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద, ఇది తాత ముద్ద. ఆ వరసలో వ్యాన్ మామ ముద్ద కూడా చేరింది. దాని వంతు రాగానే ఆయన కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, నోరు బారెడు తెరిచేవాడు. "నా ముద్ద ఏదీ? పొద్దుగాల్నుంచి ఆకలైతుంది." ఎవరో ఒకరు పాలకూర పప్పు కలిపిన ముద్ద ఆ నోట్లో పెట్టేవారు. గుటుక్కున మింగి, పొట్ట నిమురుకుని, "ఇగ సాలు బిడ్డా, కడుపు నిండింది. ఇప్పుడు నువ్వు దిను," అనేవాడు. ఆ మాట వినడం కోసమే పిల్లలు తినేవారు. ముఖ్యంగా ఒక పాప. నాలుగేళ్ళది, తల్లి నర్సు, తండ్రికి దూరాన రుస్తాఖ్ అనే ఊళ్ళో ఉద్యోగం. పాప ఒళ్ళు అసలే పలచన. వ్యాన్ మామ ముద్ద ప్రతిరోజూ తనే పెట్టాలి. ఇంకెవరైనా పెడితే ఏడుపు.

ఒకరోజు పొద్దున వ్యాను రాలేదు.

నిద్రలోనే పోయాడని మధ్యాహ్నానికి తెలిసింది. ఇక్కడ మగవాళ్ళు అలా పోవడం నేను ఇంతకుముందూ విన్నాను. రాత్రి మామూలుగా తిని పడుకుంటారు, పొద్దున రూమ్‌లో వాళ్ళు లేపితే లేవరు. పిల్లలకు ఏం చెప్పాలని పెద్దవాళ్ళం వంటింట్లో నిలబడి మాట్లాడుకున్నాం. ఊరెళ్ళాడని చెప్పాలని తేల్చాం. పత్రిక డెస్క్‌లో కూర్చున్నన్నాళ్ళూ మరణించారనే మాటకు బదులు మెత్తటి మాట ఎవరు రాసుకొచ్చినా కొట్టేసేదాన్ని. ఆ వంటింట్లో మాత్రం తలూపాను.

పిల్లల ముందు జాగ్రత్తగానే ఉన్నాం అనుకున్నాం. కానీ శుక్రవారం చర్చిలో ఆరాధన అయ్యాక అక్కడి హాల్లోనే టీ తాగుతూ అందరి మాటలూ ఆయన గురించే. "పెట్టె ఇవాళ మస్కట్ చేరిందట." "పెట్టెలో పెట్టేశాక ఇంక మొహం చూడనివ్వరట." పిల్లలు బల్లల కింద ఆడుకుంటున్నారు.

ఆ తర్వాతి వారం ఆయన రూమ్‌లో ఉండే ఇద్దరు కుర్రవాళ్ళు బడికి వచ్చారు. చేతిలో ఖాళీ అట్టపెట్టె, వాషింగ్ మెషీన్‌కు వచ్చేటంతటిది. సెలవు మీద ఊరికి పోయేటప్పుడు సామాన్లు సర్దుకోవడానికని ముందే తెచ్చి పెట్టుకున్నాడట. ఒకవైపు నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, మండలం, జిల్లా పెద్దపెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. గల్ఫ్ నుంచి ఊరికి పోయే ప్రతి పెట్టె మీదా ఉండే రాత అది.

"ఇగ దీంతోని పనేమున్నది మేడం. పోరగాండ్లంటే పానం ఇడిచేటోడు. బొమ్మలన్న పెట్టుకోండ్రి," అన్నాడు ఒకడు. మిస్ వద్దనలేకపోయింది.

ఆ పెట్టెతోనే మేము తినే బొమ్మను చేశాం. ముద్ద అందుకునే మనిషి లేక పిల్లల తిండి మళ్ళీ వెనక్కి పోయింది కదా, ఆ నోటికి బదులు ఒక నోరు. ముందు వైపు పెద్దగా కోశాం. గుడ్ల అట్ట ముక్కలు పళ్ళు. సీసా మూతలు కళ్ళు. ఒళ్ళంతా పిల్లలు అద్దిన బెండకాయ పువ్వులు. పేరు రాసి ఉన్న వైపు గోడకు తిప్పి పెట్టాం. నేను వెనక కూర్చుని గొంతు మార్చి "ఆకలీ, ఆకలీ" అనాలి. పిల్లలు కాగితపు క్యారెట్ వేస్తే "ఆహా" అనాలి, చిప్స్ పొట్లం వేస్తే "అబ్బా, కడుపు నొప్పి" అని మూలగాలి. నవ్వుకుంటూ ఆడారు. కాగితాల తర్వాత నిజం ముద్దలూ వేయసాగారు. వేసిన ప్రతి ముద్దకూ తామొకటి తినాలని మిస్ నియమం పెట్టింది. మొదట్లో ఆ నియమం నడిచింది.

గదిలో ఏదో మారిందని నాకు మొదట తెలిసింది శబ్దం వల్ల. సముద్రం వైపు కిటికీ తెరిస్తే ఆ పెట్టె మోగేది. ఖాళీ సీసాలో ఎవరో ఊదినట్టు, సన్నగా, ఒకే స్వరం. గాలి అని తెలుసు. అయినా ఆ స్వరం మొదలవగానే పిల్లలందరూ చేతిలోది చేతిలోనే ఉంచి అటు తిరిగేవారు. పసిపిల్లల గది ఒక్కసారిగా నిశ్శబ్దమైతే ఎలా ఉంటుందో విన్నవాళ్ళకే తెలుస్తుంది. వెనక కూర్చున్న నాకు వాళ్ళ మొహాలు కనిపించేవి. వాళ్ళు చూసేది నన్ను కాదు.

ఒకరోజు నేను ఎప్పటిలా "ఆకలీ" అనబోతే పాప వచ్చి నా మోకాలి మీద చెయ్యేసింది. "పెద్దమ్మా, నువ్వు మాట్లాడకు. నువ్వు మాట్లాడితే మామ మాట్లాడడు."

నేను లేచి పక్కకు వచ్చేశాను.

అప్పటినుంచి పాప తినడం మానేసింది. అల్లరి చేసి, విసిరికొట్టి మానలేదు. బుద్ధిగా కూర్చునేది, ప్రార్థనకు చేతులు జోడించేది, అమ్మ ముద్ద, నాన్న ముద్ద అని పళ్ళెంలో వేరువేరుగా పెట్టుకునేది. తర్వాత అన్నీ ఒకటొకటిగా తీసుకుపోయి ఆ నోట్లో వేసేది. ఇంటి దగ్గరా అంతే. ఒక పొద్దున తల్లి దింపి వెళ్ళాక చూస్తే పాప బుగ్గ ఉబ్బి ఉంది. మాట్లాడదు. నేరుగా పెట్టె దగ్గరికి వెళ్ళి, వంగి, బుగ్గలో దాచుకొచ్చిన ఇడ్లీ ముక్క అందులో వదిలింది.

ఇంకోటి కూడా ఉంది. సాయంత్రం పెట్టెలోకి తొంగిచూస్తే ముద్దలు ఉండేవి కావు. మధ్యాహ్నం పడ్డ పప్పన్నం, బీట్‌రూట్ ముక్కలు, ఏవీ లేవు. అడుగున కాగితపు కూరగాయలు మాత్రం ఉండేవి.

పాప తల్లి ఒక మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో వచ్చి నన్ను వరండాలోకి పిలిచింది. యూనిఫాం మీదే ఉంది. కళ్ళ కింద నలుపు.

"అక్కా, దానికి రక్త పరీక్ష కూడా చేయించానక్కా. మా డాక్టరుగారు జబ్బేం లేదంటున్నారు, కానీ బరువు చూస్తే తగ్గుతానే ఉంది. రాత్రి స్నానం చేయిస్తుంటే వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి." లోపల ఉన్న పాప వైపు ఓసారి చూసింది. "వచ్చే వారం మా వార్డు సిస్టర్ ఒకావిడ సెలవు మీద ఇండియా వెళ్తంది. దీన్ని ఆవిడతో పంపేద్దామనుకుంటున్నా. మా అమ్మ దగ్గరైనా తింటదేమో."

"నువ్వు లేకుండా ఉండగలదా?"

"అది ఉంటదో లేదో తెలీదు. నేను ఉండలేను. ఉండలేనని ఇక్కడే ఉంచి చంపుకోనా అక్కా?"

నర్సు నోట ఆ మాట వినడం వేరు. ఊరికే అనే మాట కాదు.

మర్నాడు పిల్లలు పడుకునే వేళ నేను వంటింటి గుమ్మం పక్కన కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను. పరదాలు దించి ఉన్నాయి. అందరూ చాపల మీద నిద్రపోతున్నారు. పాప చాప ఖాళీగా ఉంది. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తల దాని నోటిలోకి పెట్టి, గుసగుసగా మాట్లాడుతోంది.

"మామా, ఇంకొంచెం తిను."

కాసేపటికి పెట్టెలోంచి జవాబు. "ఇగ సాలు బిడ్డా. కడుపు నిండింది."

నేను బఠానీల పళ్ళెం పక్కన పెట్టి గుమ్మంలోకి జరిగాను.

"సాలదు. నీకు ఊరు చాలా దూరం."

"దూరమే బిడ్డా. నువ్వు దిన్నవా?"

"నేను తింటే నీకు అయిపోద్ది. పెట్టెలో వెళ్ళేవాళ్ళకి దారిలో అన్నం పెట్టరు కదా."

జవాబు చెప్పింది పాపే. అది తెలుసుకోవడానికి నాకు కొన్ని క్షణాలు పట్టింది. అట్టపెట్టె లోపల మాట బోలుగా, బొంగురుగా వస్తుంది. కానీ వాళ్ళింట్లో ఎవరూ ఆ యాసలో మాట్లాడరు. ఆ పిల్ల ప్రశ్నలు వాళ్ళమ్మ భాషలో అడుగుతోంది, జవాబులు జగిత్యాల భాషలో చెబుతోంది. ఒక్క అక్షరం తప్పడం లేదు. ఆగే చోట ఆయనలాగే ఆగుతోంది. అప్పుడే కిటికీలోంచి గాలి వచ్చి పెట్టె సన్నగా మోగింది. పాప తల బయటికి తీసి, విన్నట్టుగా, బుద్ధిగా తలాడించింది.

నేను మిస్‌ను లేపి చెప్పాను. ఆవిడ ముందు చేసిన పని, సాయంత్రం ఊడ్చే ఆమెను పిలవడం. ఆమె బంగ్లాదేశీ మనిషి, మాతో హిందీలో మాట్లాడేది. పెట్టెలో అన్నం ఏమవుతోందని అడిగితే, ఇందులో వింత ఏముందన్నట్టు చూసింది. "బిల్లీ కో దేతీ హూఁ, మేడం." రోజూ తీసి ప్రహరీ అవతల పిల్లులకు వేస్తోందట. మాకు చెప్పాలని తోచలేదట, మేమూ ఇన్నాళ్ళూ అడగలేదు.

మిస్ గుండె మీద చెయ్యేసుకుని నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆ ఊడ్చే ఆమె, కిందటి గురువారం మాత్రం తాను రాలేదని గుర్తుచేసింది. గురువారం మధ్యాహ్నం తాళం వేస్తే శుక్ర, శనివారాలు బడి ఉండదు. ఆదివారం పొద్దున తలుపు తీసింది మిస్, నేను. ఆరోజూ పెట్టెలో ముద్ద ఒక్కటీ లేదు. "చీమలు అయ్యుంటాయిలెండి," అంది మిస్ చూపు తిప్పుకుంటూ. నేను ఇంకో ప్రశ్న వేయలేదు. జీవితమంతా ఇంకో ప్రశ్న వేసి జీతం తీసుకున్నదాన్ని, ఆరోజు వేయలేదు.

సాయంత్రం పాప తల్లి వచ్చేసరికి మిగతా పిల్లలు వెళ్ళిపోయారు. గుసగుసల్లో విన్నదంతా ఆమెకు చెప్పాను. ఆమె గోడకు చేరగిలబడింది.

"ఆరోజు క్యాజువాలిటీలో నేనే ఉన్నానక్కా," అంది. "ఆయన్ని తీసుకొచ్చింది మా దగ్గరికే. అప్పటికే ఏం లేదు. నేనే మొహం తుడిచాను. ఇంటికెళ్ళాక ఇది మామ ఏడీ అంటే, ఊరెళ్ళాడని చెప్పి అన్నం కలపడానికి వెళ్ళిపోయాను."

"ఇప్పుడు చెప్పాలమ్మా," అంది మిస్. "ఆ ఊరి మాట మనం పుట్టించిందే. పిల్ల దాన్ని పట్టుకునే దారి బత్తెం కడుతోంది."

"చెబితే భయపడదా మిస్?"

"ఇప్పుడు మనం భయపడుతున్నాం. అది భయపడట్లేదు."

ముగ్గురం పెట్టె దగ్గరికి వెళ్ళాం. పాప అక్కడే ఉంది. నేను కత్తెరతో పైన టేపు కోశాను. మూతలు నాలుగూ విప్పి, పెట్టెను వెలుగు వైపు వంచాను. తల్లి నేల మీద కూర్చుని పాపను ఒళ్ళోకి తీసుకుంది.

"చూడు నాన్నా, లోపల ఎవరూ లేరు."

పాప చూసింది. కాగితపు వంకాయలు, క్యారెట్లు. "మామ వెళ్ళిపోయాడా?"

"మామ చచ్చిపోయాడమ్మా. నిద్రపోయాడు, ఇంక..." అని ఆగి, తనను తాను సరిచేసుకుంది. "నిద్ర కాదు. నిద్ర వేరు. చచ్చిపోయాడు. అమ్మ చూసింది. అమ్మే మొహం కడిగింది. వాళ్ళ ఊరు చేరాడు, వాళ్ళ వాళ్ళందరూ వచ్చారు. ఆయనకి ఇంక ఆకలి వెయ్యదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ వెయ్యదు."

పాప పెట్టె వైపు చెవి ఒగ్గింది. కిటికీ తెరిచే ఉంది. మూత విప్పాక పెట్టె మోగడం మానేసింది.

"మరి మామ ముద్ద?"

నోరు కోసి బొమ్మ చేసినప్పుడు ఈ ప్రశ్న మాకు తట్టలేదు. మిస్ ఏదో పరలోకం మాట ఎత్తబోయి ఆగింది. అప్పుడు పాపే తల్లి మొహంలోకి చూసి అడిగింది. "నువ్వు తిన్నావా అమ్మా?"

"లేదు. టైం అవ్వలేదు."

మిస్ వంటింట్లోంచి గిన్నెలో పాలకూర పప్పన్నం తెచ్చింది. పాప చిన్న చేత్తో ముద్ద కట్టింది, వేళ్ళ సందుల్లోంచి పప్పు కారుతోంది. "ఇది మామ ముద్ద. కళ్ళు మూసుకో. పెద్దగా తెరువు." తల్లి కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, నోరు బారెడు తెరిచింది. చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి తల్లి నములుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పాప రెండో ముద్ద కట్టి, ఎవరిదో చెప్పకుండా, తన నోట్లో పెట్టుకుంది.

ఆ గిన్నె ఖాళీ కాలేదు. కొంచెమే తింది. మర్నాడు ఇంకొంచెం. వార్డు సిస్టర్ తన సెలవు మీద తాను ఒక్కతే వెళ్ళింది.

పెట్టెను పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఆయన రూమ్‌లో ఒకతను ఊరికి పోతున్నాడని తెలిసి, నోటికి అడ్డంగా అట్ట అంటించి, పేరు రాసిన వైపు బయటికి తిప్పి ఇచ్చేశాం. బెండకాయ పువ్వులు అలాగే ఉన్నాయి. ఆ కుర్రవాడు తన సామాన్లు అందులో సర్దుకుని, "పేరు కొట్టెయ్యలె, మేడం. మావి పక్కపక్క ఊర్లే. వాళ్ళింటి కాడ దించి పోత," అన్నాడు.

పాప ఇప్పుడు బాగానే తింటుంది. బుగ్గలు వచ్చాయి. కీరదోసకాయ పడవ మొత్తం ముంచేస్తుంది, పెసలతో సహా. ఒక్కటే మిగిలింది. కడుపు నిండగానే పళ్ళెం ముందుకు తోసి, పొట్ట నిమురుకుని, ఖాళీగా ఉన్న ఆ గోడ మూలకేసి చూస్తూ, బొంగురు గొంతుతో అంటుంది. "ఇగ సాలు బిడ్డా."

ఆ మాట వినగానే మిగతా పిల్లలందరూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, తమ పళ్ళేలలోంచి ఆఖరి ముద్ద తీసి నోట్లో పెట్టుకుంటారు. అలా చేయమని మేమెవరమూ వాళ్ళకు నేర్పలేదు.